పాత ఇంటి వైరింగ్‌ను గుర్తుపట్టి మార్పించుకోవడం ఎలా

మా పాత ఇంట్లో ఓసారి హాలు స్విచ్‌బోర్డు విప్పాం. స్విచ్చు వేసినప్పుడల్లా చిటపటమంటోంది, కొత్తది బిగిస్తే పోతుందిలే అనుకున్నాం. మెయిన్ ఆపి, పలకకున్న నాలుగు మరలూ తీసి ముందుకు లాగగానే, వెనకాల వైర్ల మీదున్న నల్లటి రబ్బరు తొడుగు పొడిపొడిగా రాలి అరచేతిలో పడింది. అక్కడక్కడ లోపలి తీగ బయటికి కనిపిస్తోంది. పక్కపక్కనే ఉన్న రెండు తీగల మధ్య గోరు మందం సందు కూడా లేదు. పైకి చూస్తే బోర్డు మాత్రం రంగు వేసి, నున్నగా ఉంది. ముందు రోజు రాత్రి దాకా అందరం దాని పక్కనే హాయిగా పడుకున్నాం.

ఆ వైరింగ్ చేసినవాళ్లు తప్పేమీ చేయలేదు. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో ఉండే ఇంటికి సరిపడా వేశారు. ఆ తర్వాత తొడుగు ముసలిదైంది, ఇంట్లో సామాను పెరిగింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజర్, ఏసీ ఒకదాని వెనక ఒకటి వచ్చి అదే వైరుకు తగులుకున్నాయి. పాత ఇంట్లో మీరు తేల్చుకోవాల్సింది ఈ రెండే: తొడుగు ఏ స్థితిలో ఉంది, దాని మీద లోడ్ ఎంత పడుతోంది. ఇంటి వయసు చూసి భయపడనక్కర్లేదు, పైన కొత్త స్విచ్చులు చూసి ధైర్యపడనూ కూడదు.

ఇందులో మీ వంతు చూడటం, రాసుకోవడం, అడగడం, దగ్గరుండి చేయించుకోవడం. వైర్లు విప్పి కలపడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. చాలాచోట్ల చట్టం కూడా అదే చెబుతుంది. అయితే ఏం అడగాలో మీకు తెలియకపోతే ఆయన కూడా స్విచ్చు మార్చి వెళ్లిపోతాడు.

ముందు స్క్రూడ్రైవర్ పట్టుకోకుండా ఇల్లంతా తిరగండి

లైట్లతో మొదలుపెట్టండి. మోటారో ఫ్రిజ్జో ఆన్ అయిన క్షణంలో లైటు ఒక్కసారి తగ్గి మామూలైతే అది సహజమే. గీజర్ వేసినంతసేపూ డల్‌గానే ఉంటే ఆ వైరు మీద లోడ్ ఎక్కువైనట్టు, లేదా దారిలో ఎక్కడో లూజ్ కనెక్షన్ ఉన్నట్టు. ఒక్క బల్బే మినుకుమంటుంటే హోల్డరో స్విచ్చో చూసుకుంటే చాలు. గది మొత్తం మినుకుమంటుంటే ఆ గదికి వచ్చే జాయింటును అనుమానించాలి. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఒక గదిలో లైట్లు మరీ వెలిగిపోతూ ఇంకో గదిలో మసకబారాయంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఊడిపోతోందన్నమాట. అప్పుడు ఇంకేమీ ఆలోచించకుండా మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయండి. లేదంటే వోల్టేజీ పెరిగిన వైపున్న టీవీ, ఫ్రిజ్ నిమిషాల్లో కాలిపోవచ్చు.

తర్వాత బోర్డులు. ఇస్త్రీ పెట్టెనో హీటరునో పావుగంట వాడాక, పొడి చేత్తో ఆ ప్లాస్టిక్ ప్లేటు మీద వేళ్ల వెనుకభాగం ఆనించి చూడండి. గోరువెచ్చగా తగిలిందంటే లోపల జాయింటు వేడెక్కుతోంది. ప్లగ్గు కన్నాల చుట్టూ టీ మరకలాంటి గోధుమరంగు వచ్చిందా? ప్లగ్గు పట్టు లేకుండా జారిపోతోందా? స్విచ్చు దగ్గర గుయ్యిమని సన్నటి చప్పుడు వస్తోందా? వాసన కూడా గమనించండి. పాత స్విచ్చుల్లోని ప్లాస్టిక్ వేడెక్కితే కాలిన వాసన కంటే ముందు నీచువాసన వస్తుంది. ఎక్కడో చేప కుళ్లిందనుకుని మూలలన్నీ వెతుకుతారు, బోర్డు జోలికి మాత్రం ఎవరూ పోరు.

ఫ్రిజ్ తలుపో కుళాయో ముట్టుకుంటే జివ్వుమంటోందంటే లీకేజీ ఉంది, అది పోవాల్సిన ఎర్త్ దారి (కరెంటును నేలలోకి పంపే వైరు) లేదు. చిత్రమేమిటంటే ఇలాంటి ఇళ్లలో అందరూ దానికి అలవాటు పడిపోతారు. 'చెప్పులేసుకుని తియ్యి' అని కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతారు తప్ప బాగుచేయించరు.

ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. ప్రతి గదిలో రెండేసి ఉన్నాయంటే పాయింట్లు చాలడం లేదు, ఒకే సాకెట్ నాలుగు సాకెట్ల పని చేస్తోంది.

ఇక ఫ్యూజు. మా నాన్న దగ్గర ఒక డబ్బాలో ఫ్యూజు తీగ చుట్ట ఉండేది. అది అయిపోయిన రోజున ఏదో పాత వైరు చీల్చి అందులోంచి నాలుగు రాగి పోగులు మెలిపెట్టి వేసేవారు. ఆ తర్వాత ఫ్యూజు పోయేది కాదు. సమస్య తీరిందని అందరం సంతోషించాం. నిజానికి ఫ్యూజు ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. అది పోవడం మానేస్తే, ఎక్కువ కరెంటు పారినప్పుడు కాలాల్సిన వంతు వైరుకు వస్తుంది. మీ పింగాణీ ఫ్యూజు క్యారియర్లు తీయించి లోపల ఎంత మందం తీగ ఉందో చూడండి. చాలా ఇళ్ల చరిత్ర అక్కడ బయటపడుతుంది.

మెయిన్ ఆపించి రెండు మూడు బోర్డులు విప్పించండి

ఇక్కడి నుంచి ఎలక్ట్రీషియన్ పక్కన ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్‌గానీ సోలార్‌గానీ ఉంటే మెయిన్ ఆపినా బోర్డులోకి కరెంటు వస్తూనే ఉంటుంది. దాన్ని కూడా విడిగా ఆపాలి. టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవడమూ పొరపాటే. ముందు కరెంటు ఉన్న చోట టెస్టర్ వెలుగుతుందో లేదో చూడాలి, తర్వాత పని చేసే చోట పెట్టాలి, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి అది చెడిపోలేదని రూఢి చేసుకోవాలి. మీ ఎలక్ట్రీషియన్ ఇలా చేస్తుంటే మంచి మనిషి దొరికాడనుకోండి.

ఎక్కువ లోడ్ పడే బోర్డు ఒకటి, చెమ్మ పట్టే బయటి గోడ మీదది ఒకటి, ఫ్యాను కొక్కెం దగ్గరి కనెక్షన్ ఒకటి విప్పించండి. వీటిలో వైరు ఏ రకందో చూడాలి.

నల్లటి రబ్బరు తొడుగు, దాని మీద నూలు అల్లిక కనిపిస్తే అది పీవీసీ (ప్లాస్టిక్) తొడుగు రాకముందు కాలపు వైరు. చెక్క పట్టీల మీద రేకు క్లిప్పులతో గోడ వెంట పాకించిన వైర్లు, చెక్క గాడిలో పెట్టి మూత బిగించినవి చాలావరకు ఈ రకమే. రబ్బరు ఎండి, గట్టిపడి, పగులుతుంది. కదపనంతకాలం తీగను అంటిపెట్టుకునే ఉంటుంది, కదిపితే రాలిపోతుంది. ఇలాంటిది కనిపిస్తే ఆ బోర్డును మళ్లీ మళ్లీ విప్పొద్దు. మార్చడమే దారి.

తీగ తెల్లగా మెరిస్తే అల్యూమినియం అని వెంటనే అనేయకండి. రబ్బరులోని గంధకం రాగిని తినేస్తుందని ఆ రోజుల్లో రాగి తీగకు తగరం పూత పూసేవారు, అందువల్ల రాగి కూడా తెల్లగానే కనిపిస్తుంది. కరెంటు పూర్తిగా తీసేశాక చాకు మొనతో కాస్త గీకిస్తే తెలిసిపోతుంది. ఎర్రగా బయటపడితే రాగి, లోపలా తెల్లగానే ఉంటే అల్యూమినియం.

అల్యూమినియంతో చిక్కంతా కొసల దగ్గరే. వేడెక్కితే సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. మర కింద నొక్కుకుపోయి మెల్లగా పక్కకు జరుగుతుంది. పైన పట్టే ఆక్సైడ్ పొర కరెంటును సరిగా పోనివ్వదు. ఈ మూడూ కలిసి ఏళ్ల తరబడి జాయింటును వదులు చేస్తాయి. రాగి ధర పెరిగినప్పుడు, 1960ల మధ్య నుంచి 1970ల మొదట్లో దాకా, అమెరికాలో ఎన్నో ఇళ్లకు అల్యూమినియం వైరింగే వేశారు. ఆ తర్వాత జాయింట్ల దగ్గర నిప్పు అంటుకోవడంతో గానీ ఇందులోని ఇబ్బంది తెలిసిరాలేదు. అల్యూమినియానికీ రాగికీ నేరుగా మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఎక్కడ కనిపించినా ముందుగా దాని పని పట్టండి.

ఇంకా పాత పద్ధతిలో పింగాణీ గుబ్బల మీద రెండు వైర్లు విడివిడిగా, గాలిలో వేలాడుతూ ఉంటాయి. వాటి వేడి గాలిలోకి పోవాలి. పైకప్పు కింద వేడి రాకుండా వేసే దూదిలాంటి పొర వాటిని కప్పేస్తే వేడి పోయే దారి ఉండదు.

పీవీసీ వైరే కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండనక్కర్లేదు. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకునేలా తయారవుతుంది. ఏళ్ల తరబడి అంతకుమించి వేడెక్కినచోట రంగు మారి పెళుసుబారుతుంది. కొస దగ్గర వైరును మెల్లగా వంచి చూడమనండి. మెత్తగా వంగితే సరే, చిట్లిందంటే కాదు.

ఫ్యూజు బోర్డులో ఫేజ్‌తో (కరెంటు వచ్చే వైరుతో) పాటు న్యూట్రల్‌కూ ఫ్యూజు పెట్టే పాత అలవాటు ఒకటుంది. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైటు ఆరిపోతుంది, కరెంటు పోయిందనుకుంటాం. కానీ హోల్డర్ దాకా ఫేజ్ ఉంటుంది. ఇలా కనిపిస్తే బోర్డు మొత్తం మార్చాల్సిందే. కొన్ని పాత బోర్డుల వెనక వేడి తట్టుకోవడానికి ఆస్బెస్టాస్ పలక కూడా ఉంటుంది. దాన్ని పగలగొట్టడం, డ్రిల్ చేయడం వద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఎర్త్ సంగతి విడిగా అడగండి. సాకెట్లో మూడో కన్నం ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు, విప్పి చూస్తేనే తెలుస్తుంది. వెనకటి రోజుల్లో ఎర్త్‌ను ఇనుప నీళ్ల పైపుకు కట్టేసేవారు. తర్వాత ఎప్పుడో ప్లంబర్ వచ్చి ఇనుప పైపు తీసి ప్లాస్టిక్ పైపు వేశాడు. ఆ రోజుతో ఇంటి ఎర్త్ పోయింది, ఎవరికీ తెలియలేదు.

ఏది దేనికి పోతోందో పటం గీయండి

ఇది మీరే చేసుకోగల పని, పైగా తర్వాత అన్నిటికంటే పనికొచ్చేది. ఒక కాగితం మీద గదులు గీసి, ప్రతి లైటు, ఫ్యాను, సాకెట్ గుర్తుపెట్టండి. ఫ్యూజులైనా ఎంసీబీలైనా (లోడ్ ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చులు) ఒక్కొక్కటే ఆపుతూ ఏమేం ఆగిపోయాయో నంబరు వేయండి. ఆశ్చర్యపోయే సంగతులు బయటపడతాయి. వంటింటి సాకెట్, బాత్రూం గీజర్, వీధి లైటు మూడూ ఒకే ఫ్యూజు మీద ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. వస్తువు మీద రాసిన వాట్లను వోల్టేజీతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల సరఫరాలో 2000 వాట్ల గీజర్ సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. 1500 వాట్ల ఏసీ 6.5, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4.3. మూడూ ఒకేసారి నడిస్తే 19.5. పైపులో ఉన్న 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు నిబ్బరంగా మోయగలిగేది దాదాపు 14 ఆంపియర్లు. ఐదారు ఆంపియర్లే కదా ఎక్కువ అనిపిస్తుంది. వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వైరులో పుట్టే వేడి దాదాపు రెట్టింపవుతుంది.

మెగ్గర్ పెట్టించకుండా నిర్ణయానికి రావొద్దు

గోడలో ఉన్న వైరంతా కంటితో చూడలేం. దానికి ఇన్సులేషన్ టెస్టర్ ఉంది, అందరూ మెగ్గర్ అంటారు. వస్తువులన్నీ ప్లగ్గులోంచి తీసేసి, మెయిన్ ఆపి, ఇంటి వైరింగ్‌లోకి 500 వోల్టుల డీసీ పంపి తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) ఉండాలి. మంచి వైరింగ్ అంతకంటే ఎన్నో రెట్లు చూపిస్తుంది. ఒక్కో సర్క్యూట్‌కు, అంటే ఒక్కో ఫ్యూజు లేదా ఎంసీబీ మీద నడిచే లైనుకు, విడిగా కొలిచి, అంకె మీ పటంలో ఆ నంబరు పక్కన రాయించుకోండి. మామూలు మల్టీమీటర్ ఈ పని చేయదు. దాని చిన్న బ్యాటరీ వోల్టేజీకి తొడుగులోని బలహీనత బయటపడదు. మెగ్గర్ లేకుండా 'బాగానే ఉందండీ' అనే ఎలక్ట్రీషియన్ మాట నేనైతే తీసుకోను.

రబ్బరు వైరు, ఎర్త్ లేని ఇల్లు, అల్యూమినియం జాయింట్లు, అంకె 1 మెగోమ్ లోపు వచ్చిన సర్క్యూట్లు ఎక్కువైతే మొత్తం మార్పించడమే మేలు. పీవీసీ రాగి వైరు ఆరోగ్యంగా ఉండి పాయింట్లు మాత్రమే తక్కువైతే ఆ వైరును లైట్లకు, ఫ్యాన్లకు వదిలేసి, పెద్ద వస్తువులకు కొత్త లైన్లు లాగించి, బోర్డు మార్పిస్తే సరిపోతుంది. మధ్యేమార్గంగా ఒక గదిలో కొత్త వైరు వేసి దాన్ని పాత రబ్బరు వైరుకు కలపడం మాత్రం వద్దు.

ఇంకొకటి చాలా ఇళ్లలో జరుగుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్లది పెడతారు, వైరు మాత్రం పాతదే. అది మా నాన్న నాలుగు పోగుల ఫ్యూజే, కాకపోతే కొత్త డబ్బాలో ఉంది.

కొత్త వైరింగ్ ముందు కాగితం మీద వేయండి

వైరు మందం, దాన్ని కాపాడే ఎంసీబీ ఎప్పుడూ జంటగా నిర్ణయించాలి. సాధారణంగా ఇళ్లలో ఇలా వేస్తారు: లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మి.మీ. వైరు, 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. మామూలు సాకెట్లకు 2.5 వైరు, 16 ఆంపియర్లు. ఏసీ, పెద్ద గీజర్ లాంటి వాటికి ఒక్కోదానికి విడిగా 4 వైరు, 20 లేదా 25 ఆంపియర్లు. మీటర్ నుంచి బోర్డుకు వచ్చే మెయిన్ వైరు ఇంటి మొత్తం లోడ్‌ను, దూరాన్ని బట్టి లెక్క కట్టాలి. ఒకే పైపులో వైర్లు ఎక్కువైనా, దూరం పెరిగినా మందం పెంచాల్సి వస్తుంది.

వీటన్నిటికీ ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయో లేదో అది చూస్తుంటుంది. తేడా వచ్చిందంటే మనిషి ఒంట్లోంచో చెమ్మగోడలోంచో పోతున్నట్టే, వెంటనే పడిపోతుంది. కానీ లోడ్ ఎక్కువైతే దానికి పట్టదు, ఆ పని ఎంసీబీది. ఎర్త్ ఉండాల్సిన అవసరాన్నీ అది తీర్చదు. వీలైతే ఇంటిని రెండు భాగాలు చేసి రెండు ఆర్‌సీసీబీలు పెట్టించండి. లేకపోతే గీజర్లో లీకేజీ వచ్చిన రాత్రి ఇల్లంతా చీకటవుతుంది.

ఆర్‌సీసీబీ పెట్టే ఇంట్లో ప్రతి సర్క్యూట్‌కూ దాని న్యూట్రల్ దానికే ఉండాలి. పక్క సర్క్యూట్ న్యూట్రల్ అరువు తెచ్చుకునే పాత అలవాటు కొనసాగిస్తే ఏ లోపమూ లేకుండానే అది పడిపోతుంటుంది. అప్పుడు ఎవరో వచ్చి 'ఇది తీసేస్తే సరిపోతుంది' అంటారు. ఆ మాట వినకండి.

సాకెట్లు ఇప్పుడు కావాలనుకున్నవాటికి మించి పెట్టించండి. గోడ తవ్వేది ఒక్కసారే.

పని జరిగే రోజుల్లో

గది తర్వాత గది చేయించుకుంటే ఇంట్లో ఉండగానే పని అవుతుంది. పాత పైపులు బాగుంటే పాత వైరు కొసకు కొత్త వైరు కట్టి ఒకరు లాగుతుంటే ఇంకొకరు అందిస్తారు. బిగుసుకుంటే సబ్బు, నూనె రాయనివ్వకండి, టాల్కమ్ పౌడర్ చాలు. బలవంతంగా లాగితే తొడుగు గీసుకుపోతుంది. పైపులో సగం కంటే తక్కువే వైర్లతో నిండాలి. పాత ఇనుప పైపులైతే తుప్పు, అంచుల పదును చూడకుండా కొత్త వైరు ఎక్కించొద్దు.

కొత్తగా గాడి కొట్టేటప్పుడు పైపు స్విచ్చు నుంచి నిట్టనిలువుగానో అడ్డంగానో పోవాలి, ఐమూలగా పోకూడదు. పదేళ్ల తర్వాత పటం తగిలించడానికి మేకు కొట్టేవారికి వైరు ఎటు పోయిందో ఊహ తెలియాలి కదా. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు మించకూడదు.

మీరు దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. జాయింట్లు మూత తీసి చూడగలిగే బాక్సుల్లోనే ఉండాలి, పైపు మధ్యలో ఒక్కటి కూడా ఉండకూడదు. స్విచ్చు ఫేజ్‌ను తెంపాలి, న్యూట్రల్‌ను కాదు. మర కింద వైరు పట్టడం లేదని రెండు పోగులు కత్తిరించేస్తుంటారు, అక్కడే వైరు సన్నబడి వేడెక్కుతుంది. బిగించాక ప్రతి వైరునూ ఒకసారి గట్టిగా లాగి చూడమనండి. సాకెట్ లోపల ఎర్త్‌నూ న్యూట్రల్‌నూ కలిపే పని ఎవరు చేసినా ఆపండి. రంగులు ఇల్లంతా ఒకే తీరులో ఉండాలి. ఎర్త్‌కు ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చ-పసుపు చారల వైరు తప్ప ఇంకోటి వాడొద్దు, ఆ రంగును ఇంకో పనికీ వాడొద్దు.

గోడ పూడ్చే ముందు

సిమెంటు పెట్టకముందే ప్రతి గోడనూ పక్కన టేపు కొలత పెట్టి ఫోటో తీసుకోండి. మెగ్గర్ మళ్లీ పెట్టించి కొత్త అంకెలు పాత అంకెల పక్కన రాయండి. ప్రతి సాకెట్ ఎర్త్ బోర్డు దాకా తెగకుండా ఉందో లేదో, ఫేజ్ సరైన వైపు ఉందో లేదో చూపించమనండి. వైర్లు బిగించేశాక ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ మీ చేత్తో నొక్కి చూడండి, టక్కున పడాలి. తర్వాత కూడా మూడు నెలలకోసారైనా నొక్కుతుండాలి, పడకపోతే అదే రోజు మార్పించండి. బోర్డు మీద ప్రతి ఎంసీబీ కిందా అది ఏ గదికో పేరు రాయించండి.

చివరగా పాత వైర్లు. లాగితే వచ్చేవన్నీ లాగించేయండి. గోడలో ఉండిపోయేవాటిని రెండు వైపులా బోర్డుల నుంచి విడదీసి, కొసలు కత్తిరించి, 'వాడకంలో లేదు' అని చీటీ కట్టించండి. లేకపోతే కొన్నేళ్ల తర్వాత ఇంకో పాయింటు కావాలన్నప్పుడు ఎవరో ఒకరు 'ఇక్కడ వైరు ఉండనే ఉందిగా' అని దానికే కరెంటు ఇచ్చేస్తారు.